జైలు చిరునామాకు ఉత్తరం రాసే ముందు

జైలుకీ సాహిత్యానికీ ఉన్న చుట్టరికం మనకి కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' రాసింది జైల్లోనే అని అందరం వింటూనే పెరిగాం. అది లోపలి నుంచి బయటికి వచ్చిన రాత. ఈ వ్యాసం దానికి ఎదురు దారిలో నడిచే రాత గురించి. అంటే బయట ఉన్న మనం, లోపల ఉన్న ముఖం తెలియని మనిషికి రాసే ఉత్తరం గురించి.

అమెరికాలో దీనికి పెద్ద ఏర్పాటే ఉంది. అక్కడి ఖైదీలకి మామూలు ఇంటర్నెట్ ఉండదు. అందుకని వాళ్ళ ఫొటో, వయసు, నాలుగు మాటల పరిచయం వేరేవాళ్ళు ఆన్‌లైన్‌లో పెడతారు. అది చూసి మనం జైలు చిరునామాకి రాస్తాం. ఫ్లోరిడా నుంచి నడిచే రైట్‌ఎప్రిజనర్ 2000లో మొదలైంది. అంతకు ముందే, 1988లో, బ్రిటన్‌లో లైఫ్‌లైన్స్ అనే సంస్థ పుట్టింది. మిసిసిపీలో 1987 మే నెలలో మరణశిక్ష అమలైన ఎడ్వర్డ్ ఎర్ల్ జాన్సన్ చివరి రోజుల మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ తీసింది. అది చూసి కదిలిపోయిన మనుషులు, అమెరికాలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ పని ఇప్పటికీ నడుస్తోంది.

నేను ఏడాదిన్నరగా పెన్సిల్వేనియాలో ఒక రాష్ట్ర జైల్లో ఉన్నాయనకి రాస్తున్నాను. రెండు వైపులా కలిపి ఇరవై ఉత్తరాల దాకా అయ్యాయి. ఆయన పేరు, ఊరు, కేసు ఇక్కడ చెప్పను. ఎందుకు చెప్పనో కింద వస్తుంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి క్లబ్బులో ముగ్గురు నలుగురు అడిగారు, "మేమూ రాయొచ్చా? డేంజర్ ఏం లేదా?" అని. వాళ్ళలో ఇద్దరు వచ్చే ఆగస్టులో ఎమ్మెస్‌కి అక్కడికే వెళ్తున్నారు. కాబట్టి నాకు తెలిసింది పద్ధతిగా రాసిపెడితే బాగుంటుందనిపించింది.

డేంజర్ ఉంది. కానీ మనం సినిమాలు చూసి ఊహించుకునే చోట లేదు. గోడ దూకి ఎవడూ రాడు. నేను చదివిన కేసుల్లో నష్టం రెండు దారుల్లోనే వచ్చింది. ఒకటి, మనమే కాగితం మీద పెట్టి పంపిన వివరాల్లోంచి. రెండు, ఉత్తరం అనే దారి వదిలేసి వేరే దారిలోకి వెళ్ళినప్పుడు. ఈ రెండిటికీ గీత మొదటి ఉత్తరం రాయక ముందే గీసుకోవాలి. స్నేహం కుదిరాక గీత గీయడం చాలా కష్టం, ఎందుకంటే అప్పుడు అది అవమానంలా వినిపిస్తుంది.

ముందు ఎవరో చూసుకోండి

ఇది మనకి వింతగా ఉంటుంది కానీ, అమెరికాలో ఖైదీ వివరాలు చాలావరకు బహిరంగం. ఫెడరల్ జైళ్ళ శాఖకి ఒక వెతుకులాట పేజీ ఉంది. 1982 నుంచి వాళ్ళ అధీనంలో ఉన్నవాళ్ళ పేరు, నంబరు, వయసు, ఏ జైల్లో ఉన్నదీ, ఎప్పుడు విడుదలో అందులో దొరుకుతుంది. రాష్ట్రాల జైళ్ళ శాఖలకీ ఇలాంటివే ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో నేరం పేరు కూడా అక్కడే ఉంటుంది. అప్పీలుకి వెళ్ళిన కేసైతే తీర్పు మొత్తం చదువుకోవచ్చు.

పరిచయంలో "ఒక పొరపాటు చేశాను" అని రాసి ఉంటుంది. రికార్డులో ఆ పొరపాటుకి పేరు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. పరిచయంలో నేరం గురించి రాయకపోవడం అబద్ధం కాదు, మనమైనా మొదటి పరిచయంలో బ్యాక్‌లాగ్‌ల గురించి చెప్పుకోం కదా. కానీ వయసు పదేళ్ళు తగ్గించి ఉన్నా, "రెండేళ్ళలో బయటికొస్తా" అని రాసిన మనిషికి రికార్డులో జీవిత ఖైదు ఉన్నా, అక్కడితో ఆగిపోవచ్చు.

ఏ నేరం చేసినవాళ్ళకి రాయగలం, ఎవరికి రాయలేం అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిందే. నా లెక్క కొంచెం తిరగేసి ఉంటుంది. హత్య కేసులో పాతికేళ్ళుగా ఉన్న మనిషికి రాయడానికి నాకు పెద్ద భయం లేదు. మాటలతో మనుషుల్ని నమ్మించి డబ్బు లాగిన కేసు, ఒక అమ్మాయిని నెలల తరబడి వెంటాడిన కేసు అయితే మాత్రం రాయను. ఎందుకంటే ఆ నేరాలకి కావాల్సిన పనిముట్టు మాటే. దాన్ని నేనే తీసుకెళ్ళి చేతిలో పెట్టినట్టవుతుంది.

విడుదల తేదీ కూడా చూడండి. మీరు విజయవాడలో కూర్చుని రాస్తుంటే అది పెద్ద విషయం కాదు. డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తూ టెక్సాస్ జైలుకి రాస్తుంటే మాత్రం పెద్ద విషయమే. పెరోల్ మీద బయటికి రావాలంటే తను ఎక్కడ ఉంటాడో ఒక చిరునామా చూపించాలి. పెన్సిల్వేనియాలో దాన్ని హోమ్ ప్లాన్ అంటారు. ఎవరూ లేని మనిషికి ఆ చిరునామా దొరకడం నిజంగానే కష్టం. అందుకే అడుగుతారు. అడగడంలో మోసం లేకపోవచ్చు. అయినా నలుగురు పంచుకుంటున్న అపార్ట్‌మెంట్ అడ్రస్ ఇవ్వడానికి అది మీ ఒక్కరిదే కాదు.

ఇంటిపేరు అనే తాళంచెవి

అమెరికా వాళ్ళ సలహాల్లో "మీ లాస్ట్ నేమ్ జాగ్రత్త" అని ఒక ముక్క ఉంటుంది. అక్కడ స్మిత్‌లు లక్షల మంది, కాబట్టి వాళ్ళకి అది చిన్న ముక్క. మనకి అలా కాదు. మన ఇంటిపేరు పక్కన ఊరి పేరు పెడితే చాలు, మొత్తం వంశం బయటపడుతుంది. నా ఇంటిపేరు, మా ఊరి పేరు కలిపి గూగుల్‌లో కొడితే మొదట వచ్చేది మా పెదనాన్న ఎరువుల షాపు ఫోన్ నంబరు. అక్కడి నుంచి మా ఇంటికి ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి.

మరి కలం పేరుతో రాస్తే? మన క్లబ్బులో అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇదే. కలం పేరు మన పత్రికలో చెల్లుతుంది, జైలు మెయిల్ రూములో చెల్లదు. పంపినవారి పేరూ చిరునామా కవరు మీద లేకపోతే చాలా జైళ్ళు ఉత్తరం తీసుకోవు. పైగా అవతలి మనిషి దగ్గర నిజాయితీ ఆశిస్తూ మనం దొంగపేరుతో మొదలుపెట్టడం నాకు నచ్చలేదు. కాబట్టి పేరు నిజంది, చిరునామా మాత్రం ఇల్లూ హాస్టలూ కానిది. మన దగ్గర పెద్ద పోస్టాఫీసుల్లో పోస్ట్ బాక్స్ అద్దెకి ఇస్తారు. అమెరికాలోనూ పీవో బాక్స్ ఉంటుంది. ఈ ఏర్పాటు బద్ధకించి హాస్టల్ అడ్రస్ ఇచ్చారనుకోండి, భద్రత సంగతి తర్వాత, ముందు వార్డెన్ గారికి సమాధానం చెప్పుకోవాలి. ఆ కవర్ల మీద ఇది ఖైదీ పంపిన ఉత్తరం అని పెద్ద ముద్ర ఉంటుంది. నాకు మొదటిది వచ్చిన రోజు పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ కవరుని రెండుసార్లు తిప్పి చూసి, నన్ను ఒకసారి చూసి, ఏం అడగకుండా ఇచ్చేశారు. ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నా.

ఫొటోల దగ్గర మనవాళ్ళు తేలిగ్గా దొరికిపోతారు. ముఖం ఒక్కటే అనుకుంటాం. మెళ్ళో ఐడీ కార్డు ట్యాగ్ మీద కాలేజీ పేరు ఉంటుంది. వెనకాల కాలేజీ బస్సు ఉంటుంది, దాని మీద రూటు కూడా ఉంటుంది. అన్నయ్య బండి నంబరు ఉంటుంది. ఒక్క ఫొటోలో నాలుగు చిరునామాలు. ఇక ఇన్‌స్టా ఐడీ ఇస్తే, మన స్నేహితుల జాబితా మొత్తం ఇచ్చినట్టే. మనం ఒప్పుకున్నాం సరే, వాళ్ళని ఎవరు అడిగారు?

అయితే ఇక్కడ సాహిత్యం చదివేవాళ్ళకి ఒక నిజమైన చిక్కు ఉంది. వివరమే ఉత్తరానికి ప్రాణం. "నేను బాగున్నాను, వాతావరణం బాగుంది" అని రాస్తే అది సెమిస్టర్ పరీక్షలో లెటర్ రైటింగ్ ప్రశ్న అవుతుంది తప్ప ఉత్తరం అవదు. వివరం ఇవ్వకుండా ఎలా రాయాలి?

నాకు దొరికిన దారి ఇది. రుచి రాయండి, దారి చెప్పకండి. మా ఊరి చెరువు గురించి ఆయనకి రెండు పేజీలు రాశాను. వేసవిలో ఎండిపోయి నెర్రెలిచ్చినప్పుడు మేం అందులో క్రికెట్ ఆడటం, మొదటి వానకి ఆ నెర్రెల్లోంచి వచ్చే వాసన, కట్ట మీద మర్రిచెట్టుకి కట్టిన ఎర్రగుడ్డ. ఊరి పేరు రాయలేదు. ఆయన అడగలేదు కూడా. తిరుగు టపాలో తన చిన్నప్పుడు బొగ్గుగనుల పక్కన నల్లగా పారే వాగు గురించి మూడు పేజీలు రాశాడు. అలాగే ఆవకాయ పెట్టడం గురించి రాయొచ్చు, పెట్టే అమ్మమ్మ ఏ వీధిలో ఉంటుందో అక్కర్లేదు. ల్యాబ్‌లో షార్ట్ సర్క్యూట్ అయ్యి అందరం బెంచీల కింద దూరడం రాయొచ్చు, ఆ ల్యాబ్ ఏ వారం ఎన్ని గంటలకో వద్దు. రోజువారీ టైం టేబుల్ మాత్రం ఎప్పుడూ రాయకండి. ఒక్కో ఉత్తరంలో ఒక్కో ముక్కే కదా అనిపిస్తుంది. కానీ ఆయన దగ్గర అన్ని ఉత్తరాలూ ఉంటాయి, చదువుకోవడానికి బోలెడు టైమూ ఉంటుంది.

రెండు కేసులు

లూసియానా రాష్ట్రంలో ఆంగోలా అని ఒక పెద్ద జైలు ఉంది, ఆఫ్రికా దేశం పేరే. 1980లలో అక్కడ హత్య కేసులో జీవిత ఖైదు అనుభవిస్తున్న కర్క్‌సీ నిక్స్ అనేవాడు లోపలి నుంచే ఒక వ్యాపారం నడిపాడు. స్వలింగ సంపర్కులైన మగవాళ్ళు చదివే పత్రికల్లో తోడు కోసం ప్రకటనలు వేయించేవాడు. ప్రకటన చూసి స్పందించిన ఒంటరి మనుషులతో ఉత్తరాల్లో, ఫోన్లో మాట కలిపేవాడు. కొన్నాళ్ళకి, నీ దగ్గరికి వచ్చేస్తాను కానీ దారిలో చిక్కుల్లో పడ్డాను, ఫలానా వాళ్ళకి డబ్బు పంపు అనేవాడు. లక్షల డాలర్లు వచ్చాయి. చాలామందికి తాము మాట్లాడుతున్నది ఖైదీతో అనే తెలియదు. తెలిసినా పోలీసు దగ్గరికి వెళ్ళలేదు. ఆ కాలంలో అలా వెళ్ళడమంటే తాము ఎవరో ఊరంతటికీ చెప్పుకోవడమే. వాడు నమ్ముకున్నది కూడా ఆ సిగ్గునే.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1987 సెప్టెంబరులో మిసిసిపీలోని బిలోక్సీలో జడ్జి విన్సెంట్ షెర్రీనీ, ఆయన భార్య మార్గరెట్‌నీ వాళ్ళ ఇంట్లోనే కాల్చి చంపారు. జడ్జి కాక ముందు షెర్రీ భాగస్వామిగా ఉన్న లా ఆఫీసు ద్వారానే ఈ మోసం డబ్బు నడిచిందనీ, అందులో కొంత మాయమైతే ఆ నింద షెర్రీ మీద పడిందనీ, అందుకే చంపించారనీ ప్రాసిక్యూషన్ కోర్టులో వాదించింది. 1991లోనూ, 1997లోనూ జరిగిన విచారణల్లో నిక్స్‌కీ, అతని సహచరులకీ శిక్షలు పడ్డాయి. ఆ లా ఆఫీసు భాగస్వామి, మధ్యలో బిలోక్సీ మేయర్ కూడా అయిన పీట్ హాలట్‌కీ 1997లో శిక్ష పడింది.

రెండోది మన కాలందే. 2018 నవంబరులో అమెరికా నేవీ నేర పరిశోధన విభాగం, దక్షిణ కరోలినా జైళ్ళలో జరిగిన ఒక మోసాన్ని బయటపెట్టింది. ఖైదీలు దొంగతనంగా లోపలికి తెప్పించుకున్న ఫోన్లలో, అమ్మాయిల పేరుతో డేటింగ్ యాప్‌లలో కుర్ర సైనికులతో పరిచయం పెంచుకున్నారు. ఫొటోలు అటూ ఇటూ అయ్యాక, ఆ అమ్మాయి తండ్రినంటూ మరో గొంతు, మా అమ్మాయి మైనరు, కేసు పెడతాం, డబ్బు పంపితే వదిలేస్తాం అని. మోసపోయిన సైనికులు 442 మంది, పోయిన డబ్బు 5,60,000 డాలర్లకు పైగా. ఇక్కడా అదే సిగ్గు, అదే భయం. ఉద్యోగం పోతుంది, ఇంట్లో తెలుస్తుంది అని నోరు మూసుకున్నారు.

ఈ రెండు కేసుల్నీ జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. జైలు వాళ్ళు తెరిచి చదివే ఉత్తరం ఒక్కదాంతోనే ఇవి నడవలేదు. మారుపేరు, బయటి సాయం, దొంగ ఫోన్ కావాల్సి వచ్చింది. అంటే మనకి చిరాకు తెప్పించే ఆ తనిఖీలే మనకి కాపలా. ఉత్తరం నిదానంగా వెళ్తుంది, ఎవరో చదువుతారు, అత్యవసరం అనే మాటకి అందులో చోటు లేదు. అందుకని నేను గీసిన మొదటి గీత: కాగితం, లేదంటే జైలు ఒప్పుకున్న జేపే, కార్‌లింక్స్ లాంటి మెసేజ్ పద్ధతి. అంతే. జైల్లో ఉన్న మనిషి నుంచి మీకు వాట్సాప్ వచ్చిందంటే అది దొంగ ఫోనే. ఫెడరల్ జైళ్ళలో ఖైదీ దగ్గర ఫోన్ ఉండటమే నేరం అని 2010లో చట్టం చేశారు. దానికి జవాబివ్వడం మొదలుపెట్టిన రోజున మీ కాపలా మీరే తీసేసుకున్నట్టు.

డబ్బు అడిగితే

అడుగుతారు. దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. ఈ విషయంలో ఇంటర్నెట్ సలహాల మీద నాకు కొంచెం కోపం ఉంది. డబ్బు మాట వస్తే చాలు మోసగాడు అని తేల్చేస్తారు. టెక్సాస్‌లో చాలామంది ఖైదీలకి చేసిన పనికి కూలే ఉండదు. కూలి ఇచ్చే చాలా రాష్ట్రాల్లో కూడా మామూలు పనులకి గంటకి ఒక డాలరు రాదు. సబ్బు, కాగితం, స్టాంపు, ఇంటికి ఫోను, అన్నీ అందులోంచే కొనుక్కోవాలి. మన దేశానికి ఉత్తరం పంపాలంటే వాళ్ళకి పడే స్టాంపు ఖర్చు లోకల్ స్టాంపు కన్నా చాలా ఎక్కువ. అలాంటప్పుడు "స్టాంపులకి ఏమన్నా సాయం చేయగలవా" అని అడగడం ఎరా, అవసరమా?

తేడా అడగడంలో లేదు, ఎలా పంపమంటున్నారు అన్నదాంట్లో ఉంది. నిజమైన దారి ఒకటే, ఖైదీ పేరు మీద, నంబరు మీద జైల్లో ఉండే ఖాతా. ఫెడరల్ ఖైదీలకి మనీ ఆర్డర్లు పంపాలంటే అన్నీ అయోవా రాష్ట్రంలో డెమోయిన్ అనే ఊరికే వెళ్తాయి. రాష్ట్రాలకి జేపే లాంటి కంపెనీలు ఉన్నాయి. అది కాకుండా మా చెల్లెలి క్యాష్ యాప్‌కి పంపు, గిఫ్ట్ కార్డు కొని వెనక నంబరు రాసి పంపు, ఈ రాత్రికే కావాలి, లేకపోతే నన్ను కొడతారు అంటే ఆ డబ్బు సబ్బుకి కాదు. ఒక్కోసారి నిజంగానే కొడతారు కూడా, లోపల అప్పులు చేసి. అప్పుడు మీరు పంపేది ఇంకొకడి జేబులోకి వెళ్తుంది, వచ్చే వారం మళ్ళీ అడుగుతారు.

నేను ఏం చేశానంటే, మొదటి ఉత్తరంలోనే రాసేశాను. "నేను స్టూడెంట్‌ని, సొంత సంపాదన లేదు, డబ్బు గానీ వస్తువులు గానీ పంపలేను, ఉత్తరం మాత్రం క్రమంగా రాస్తాను" అని. నాలుగో ఉత్తరంలో ఆయన అడిగాడు, ఒక నెల ఇబ్బందిగా ఉందని. మొదట రాసిన మాటే మళ్ళీ రాశాను, ఒక్క వాక్యం. తర్వాతి ఉత్తరం ఎప్పటిలాగే వచ్చింది, వాగు గురించీ, లైబ్రరీలో దొరికిన పాత భూగోళశాస్త్రం పుస్తకం గురించీ. ఆయన అడిగినప్పుడు కాదు, ఆ తర్వాతి ఉత్తరం కోసం ఎదురుచూసిన నెలరోజులే నాకు ఆయన ఎవరో చెప్పాయి.

అమెరికా వెళ్తున్నవాళ్ళకి ఇంకో మాట. "నీ అకౌంట్‌లో కొంత డబ్బు పడుతుంది, దాన్ని ఫలానా వాళ్ళకి పంపు చాలు" అని ఎవరన్నా అంటే, ఖైదీ అయినా, పక్క రూమ్ అన్న అయినా, ఒప్పుకోకండి. అది వేరేవాళ్ళ దగ్గర కొట్టేసిన డబ్బు అయి ఉండొచ్చు. అది మీ ఖాతాలోంచి వెళ్ళింది కాబట్టి పోలీసులు ముందు వచ్చేది మీ తలుపు దగ్గరికే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి అది కేసుతో ఆగదు, చదువూ వీసా రెండూ ప్రమాదంలో పడతాయి. ఇంకొకరికి కబురు చేరవేయడం, కవర్లో ఇంకో కవరు పెట్టి పంపితే దాన్ని పోస్టు చేయడం, ఇవీ అంతే. ఫలానా వ్యక్తిని కలవకూడదని కోర్టు ఆ ఖైదీకి ఆంక్ష పెట్టి ఉండొచ్చు. ఆ ఫలానా వ్యక్తికి మీ చేతిమీదుగా ఉత్తరం చేరుతుంది.

ఆయనకి కూడా భద్రత కావాలి

సలహాలన్నీ మన వైపు నుంచే రాస్తారు. కానీ ఉత్తరం వల్ల ఎక్కువ నష్టపోగలిగింది లోపల ఉన్నవాళ్ళే. మనకి నచ్చకపోతే రాయడం మానేస్తాం, పడుకుంటాం. ఆయనకి ఆ వెసులుబాటు లేదు.

పెన్సిల్వేనియాలో 2018 నుంచి మామూలు ఉత్తరాలు నేరుగా జైలుకి వెళ్ళవు. ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక కంపెనీకి వెళ్తాయి. అక్కడ స్కాన్ చేస్తారు, జైల్లో ఖైదీకి ప్రింటు ఇస్తారు. కాగితాన్ని మత్తుమందులో ముంచి ఆరబెట్టి పంపుతున్నారనేది దానికి చెప్పిన కారణం. టెక్సాస్ కూడా 2023లో ఇలాంటి పద్ధతికే వచ్చింది. అంటే నేను ఇక్కడ జెల్ పెన్నుతో ముచ్చటగా రాసిన ఉత్తరం ఆయన ముట్టుకోడు, జిరాక్స్ చూస్తాడు. మెరుపులు, స్టిక్కర్లు, సెంటు పూసిన కాగితం, ఎండబెట్టిన పువ్వు లాంటివి పెడితే ఉత్తరమే ఆగిపోవచ్చు. పుస్తకం పంపాలంటే కూడా ఇంట్లోంచి పంపితే తీసుకోరు. ప్రచురణకర్త నుంచో, అమ్మే సంస్థ నుంచో నేరుగా వెళ్ళాలనే నియమం చాలా జైళ్ళలో ఉంది. 1979లోనే అమెరికా సుప్రీంకోర్టు అట్టపుస్తకాల విషయంలో అలాంటి నియమం చెల్లుతుందని చెప్పింది.

ఇంతమంది చేతుల్లోంచి వెళ్తుంది కాబట్టి, కేసు ఇంకా నడుస్తున్న మనిషిని ఆ రోజు ఏం జరిగిందని అడగకండి. ఆయన మీకు నమ్మకంగా రాసిన జవాబు రేపు కోర్టులో ఆయన మీదే సాక్ష్యం అవుతుంది. శిక్ష పడినవాళ్ళ విషయంలో కూడా నేరం పేరు మీ ఉత్తరంలో రాయకండి. గదిలో ఇంకొకరు ఉంటారు. ఉత్తరం బల్ల మీద ఉంటుంది. కొన్ని నేరాల పేర్లు తోటి ఖైదీలకి తెలిస్తే ఆ మనిషికి దెబ్బలు తప్పవు, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. రికార్డు మీరు చదివారు సరే, ఆ సంగతి మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన చెప్పుకోవాలనుకుంటే ఆయనే చెప్తాడు. కాపలావాళ్ళ గురించి, పక్క గదివాళ్ళ గురించి ప్రశ్నలు కూడా వద్దు.

నేను పేరు చెప్పనన్నది ఇందుకే. ఆయన ఉత్తరంలో ఒక మంచి వాక్యం కనబడితే ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది, పెట్టలేదు. తోటి ఖైదీలకి బయట అన్నదమ్ములున్నారు, వాళ్ళకీ ఫోన్లున్నాయి. పైగా ఆ వాక్యం ఆయన నాకు రాసింది, నా ఫాలోయర్లకి కాదు. ఆయన్ని అడిగి, ఆయన సరేనంటే, పేరు లేకుండా వాడుకోవచ్చు. ఈ వ్యాసంలో వాగు ప్రస్తావన అలా అడిగి వాడిందే.

ఇంకో చిన్న సంగతి. అక్షరాలు మారుతుంటే కంగారుపడకండి. చదువు పెద్దగా రానివాళ్ళకి పక్కవాళ్ళు రాసిపెడతారు. మన ఊళ్ళలో పోస్ట్‌మాన్ గారే రాసిపెట్టి, వచ్చింది చదివిపెట్టిన రోజులు మా తాతయ్య ఇప్పటికీ చెప్తాడు. అయితే మీరు రాసేది కనీసం ఇద్దరు చదువుతున్నారని గుర్తుపెట్టుకుని రాయండి.

ప్రేమ, ఆపడం

మూడో ఉత్తరంలోనే "నువ్వు లేకపోతే నేను లేను" అని వస్తే దాన్ని కవిత్వంగా తీసుకోకండి. ముఖ్యంగా అమ్మాయిలు. అదే వాక్యం ఇంకో ఐదుగురికి వెళ్తుండొచ్చు, లేదా నిజంగానే మీ ఒక్కరికే వచ్చి ఉండొచ్చు. రెండూ బరువే. స్నేహం కోసమే రాస్తున్నానని మొదటి ఉత్తరంలో ఒక మాట, మళ్ళీ అవసరమైతే ఇంకో మాట. మూడోసారి చెప్పాల్సి వస్తే ఆపేయొచ్చు. ఆ ఉత్తరాల సంగతి కనీసం ఒక్క మనిషికి తెలిసి ఉండాలి, ఇంట్లో కాకపోతే రూమ్మేట్‌కైనా. నిక్స్ కేసు, సైనికుల కేసు అంత దూరం వెళ్ళింది ఎవరికీ తెలియకపోవడం వల్లే. నావి మా అక్క చదువుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, చివర్లో "మీ అక్కగారికి నమస్తే" అని రాస్తాడు. ఆ నమస్తే అనే మాట నేర్పింది నేనే.

రాయడం ఆపాలనుకుంటే మాయమైపోకండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్లు, ఉద్యోగం, ఏదో ఒకటి వస్తుంది, అది తప్పు కాదు. కానీ అవతల మెయిల్ పంచే వేళకి రోజూ లేచి నిలబడే మనిషి ఉన్నాడు. "ఇక రాయలేను, నీ వల్ల కాదు, నా పనుల వల్ల" అని ఒక పేజీ చాలు. మళ్ళీ రాస్తానేమో అనే ఆశ పెట్టకండి, రాయబోతే తప్ప. భయపెట్టడం వల్ల ఆపుతున్నారా, అప్పుడు సంజాయిషీ అక్కర్లేదు. ఆయనకి కాకుండా జైలు సూపరింటెండెంట్‌కి రాయండి, ఫలానా నంబరు ఖైదీ నాకు రాయకుండా చూడమని. చాలా జైళ్ళలో అలా ఆపించే పద్ధతి ఉంది. వచ్చిన ఉత్తరాలు చింపేయకుండా కవర్లతో సహా దాచండి, ముద్రల మీద తేదీలు ఉంటాయి. మీరు పంపినవాటికి కూడా మొదటి రోజు నుంచే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.